జూలో తీసిన ఫొటో ఎందుకు అలుక్కుపోతుంది?

జూలో తీసిన మసక ఫొటోను డిలీట్ చేసే ముందు ఒక్కసారి పూర్తిగా జూమ్ చేసి చూడాలి. అది ఎందుకు పాడైందో చాలావరకు ఆ ఫొటోలోనే కనిపిస్తుంది. మసక కనబడగానే లెన్స్ మంచిది కాదనో, ఫోన్ పాతబడిందనో, చెయ్యి వణికిందనో ఏదో ఒకటి అనేసుకుని వదిలేస్తాం. మళ్లీ వెళ్లినప్పుడు అదే తప్పు చేస్తాం. మసక కూడా జ్వరంలాంటిదే. పైకి ఒకేలా కనిపిస్తుంది, వెనక కారణాలు మాత్రం నాలుగైదు ఉంటాయి. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి వికటిస్తుంది కూడా.

ఫ్రేములో ఉన్నవన్నీ, అంటే జంతువూ వెనకున్న చెట్టూ పక్కనున్న రాయీ, ఒకే దిక్కుకు సాగినట్టు ఉంటే కదిలింది కెమెరా. ఎండకు మెరిసే నీటి చుక్క ఎక్కడైనా ఉంటే దాన్ని చూడాలి. అది చుక్కలా కాకుండా చిన్న గీతలా పడితే ఇక అనుమానం అక్కర్లేదు. రాయి మీది నాచు స్పష్టంగా ఉండి పులి తల మాత్రం అలికేసినట్టు ఉంటే కదిలింది పులి. పులి మొహం మెత్తబడి, దాని ముందున్న గడ్డిపరకో కంచె తీగో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎక్కడా పదును లేక, ఫొటో అంతా పాలపొర కప్పినట్టు వెలిసిపోయి ఉంటే గాజో, ఆవిరో, లెన్స్ మీది వేలిముద్రో అడ్డొచ్చింది. వెంట్రుకలు కనిపించాల్సిన చోట రంగు పూసినట్టు నున్నగా ఉంటే అది ఫోన్ సాఫ్ట్‌వేర్ పని. వెలుతురు చాలక వచ్చిన గ్రెయిన్‌ను, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను, తుడవబోయి బొచ్చును కూడా తుడిచేసింది.

ఈ తేడా పట్టుకోవడానికి అర నిమిషం చాలు. అదీ ఎన్‌క్లోజర్ దగ్గర నిలబడి ఉండగానే చూసుకోవాలి. జంతువు ఎదురుగా ఉన్నప్పుడే తప్పు దిద్దుకునే వీలుంటుంది.

పులి ఎంత మేర జరిగింది?

వీటన్నిటిలో జూ ఫొటోలను ఎక్కువగా దెబ్బతీసేది జంతువు కదలిక. అది పరుగెత్తుతుంటే అందరూ జాగ్రత్త పడతారు. నెమ్మదిగా నడుస్తుంటేనే మోసపోతారు.

చిన్న లెక్క వేసి చూద్దాం. పులి తీరిగ్గా, సెకనుకు ఒక మీటరు చొప్పున నడుస్తోంది. పక్కనుంచి తీస్తున్నాం, ఫ్రేములో సుమారు రెండు మీటర్ల మేర పడుతోంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫొటో వెడల్పు దాదాపు 6,000 పిక్సెళ్లు. అంటే పులి ఒంటి మీద ఒక్కో మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్లు వస్తాయి. షట్టర్ స్పీడ్ 1/125 సెకను పెడితే, షట్టర్ తెరిచి మూసేలోగా పులి 8 మి.మీ. ముందుకు జరుగుతుంది. ఫొటోలో అది 24 పిక్సెళ్ల సాగతీత. మీసాలు మాయమవుతాయి, కంట్లో మెరుపు చుక్క గీతలా మారుతుంది. 1/500 పెడితే జరిగేది 2 మి.మీ., అంటే 6 పిక్సెళ్లు. 1/1000కి ఒక్క మిల్లీమీటరు, 3 పిక్సెళ్లు.

అదే ఫొటోను ఫోన్ తెరకు సరిపడా వెయ్యి పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే 24 పిక్సెళ్ల సాగతీత 4 పిక్సెళ్లు అవుతుంది, 6 పిక్సెళ్లది ఒక్క పిక్సెల్ అవుతుంది. కెమెరా వెనక చిన్న తెర మీద బ్రహ్మాండంగా కనిపించిన ఫొటో కంప్యూటర్‌లో తెరిచేసరికి ఉసూరుమనిపించడానికి కారణం ఇదే. ఫోన్‌లో పంపుకోవడానికే అయితే 1/500 సరిపోతుంది. పెద్ద ప్రింటు వేయించాలన్నా, మొహం వరకు క్రాప్ చేయాలన్నా 1/1000 దాకా వెళ్లాల్సిందే.

ఇది ఒంటి లెక్క. కాళ్ల సంగతి వేరు. నేలకు ఆనిన పాదం ఆ క్షణంలో అసలు కదలదు. గాల్లో ఉన్న పాదం ఒంటికన్నా వేగంగా, దాదాపు రెట్టింపు వేగంతో ముందుకు వస్తుంది. ఒకే ఫొటోలో ఒక పంజా గోళ్లతో సహా కనిపించి రెండోది పొగలా ఉండటం అందుకే. ఎదురుగా కెమెరా వైపు నడిచొచ్చే జంతువుకు ఈ సాగతీత తక్కువ. అక్కడ బాధ ఫోకస్‌తో.

అంచనాగా చెప్పుకుంటే, పడుకున్న సింహానికి 1/125 చాలు. మేస్తున్న జింకకు, తల తిప్పుతున్న జిరాఫీకి 1/250 నుంచి 1/500 కావాలి. నడకకు 1/500కు తగ్గకూడదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకే కోతికి 1/1000 నుంచి 1/2000 పెట్టుకోవాలి. రెక్కలు విప్పిన పక్షికి అంతకన్నా ఎక్కువ పెట్టినా తప్పులేదు.

ఇంత వేగం పెడితే వెలుతురు చాలదు కదా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. నిజమే, 1/125 నుంచి 1/1000కి వెళితే సెన్సర్‌కు అందే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే ద్వారం) అప్పటికే పూర్తిగా తెరిచి ఉంటే ఇక మిగిలింది ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఒక్కటే. 400 ఉన్నది 3200 అవుతుంది. గ్రెయిన్ వస్తుందేమోనన్న భయంతో ఐఎస్ఓను 400 దగ్గరే పట్టుకుని కూర్చునేవాళ్లు చాలామంది. జూ ఫొటోల్లో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. గ్రెయిన్ ఉన్న ఫొటోలో మీసం ఉంటుంది, కన్ను ఉంటుంది. గ్రెయిన్‌ను తర్వాత కొంత తగ్గించుకోవచ్చు. అలుక్కుపోయిన ఫొటోలో ఆ మీసమే ఉండదు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. షట్టర్ స్పీడ్‌ను మనం నిర్ణయించి, ఐఎస్ఓను ఆటోలో వదిలేయడం జూలో హాయైన పద్ధతి. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి చీకటి గదిలోకి మారుతూ ఉండే చోట ప్రతిసారీ చేత్తో సర్దుకుంటూ కూర్చుంటే జంతువు వెళ్లిపోతుంది.

చెయ్యి వణుకు గురించి పాత సూత్రం ఒకటి ఉంది. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే అంకె) ఎంతో, షట్టర్ స్పీడ్ కింద అంకె కనీసం అంత ఉండాలి. 300 మి.మీ. లెన్స్‌కు 1/300. సెన్సర్ చిన్నదైతే దాన్ని ఒకటిన్నరతో హెచ్చించుకోవాలి, అప్పుడు 1/450. లెన్స్‌లోనో బాడీలోనో స్టెబిలైజేషన్ ఉంటే నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు షట్టర్ తెరిచి ఉండే సమయం రెట్టింపు) కిందికి దిగినా, అంటే 1/30 దగ్గర కూడా, రాయి పదునుగా వస్తుంది. వచ్చేది రాయి మాత్రమే. స్టెబిలైజేషన్ ఆపేది చేతి వణుకును, పులిని కాదు. ఈ ఒక్క విషయం తెలియక మంచి లెన్సులున్నవాళ్లు కూడా మసక ఫొటోలతో తిరిగొస్తుంటారు.

ఆగే క్షణం

లండన్ జూకు 1850లో ఒబేష్ అనే నీటిగుర్రం వచ్చింది. 1852లో కౌంట్ ఆఫ్ మాంటిజాన్ దాన్ని ఫొటో తీశాడు. ఆ ఫొటోలో ఒబేష్ నీటి పక్కన ఒరిగి పడుకుని ఉంటుంది, ఊచల అవతల జనం నిలబడి ఉంటారు. ఆ రోజుల్లో ఒక్కో ఫొటోకు పట్టే సమయానికి, తిరిగే జంతువైతే ఏమీ మిగిలేది కాదు. ఇవాళ్టి కెమెరా సెకనులో వెయ్యో వంతు క్షణాన్ని పట్టుకుంటుంది. అయినా వెలుతురు తక్కువ ఉన్న చోట, ఖరీదైన లెన్స్ లేని చోట, జంతువు ఆగే దాకా ఎదురుచూడటమే ఇప్పటికీ గట్టి ఉపాయం.

ఎంత చురుకైన జంతువైనా మధ్యమధ్యలో ఆగుతుంది. కంచె వెంట అటూ ఇటూ పచార్లు చేసే చిరుతను రెండు నిమిషాలు ఊరికే చూస్తే చాలు, అది ఎక్కడ వెనక్కి తిరుగుతుందో తెలిసిపోతుంది. తిరిగే చోట దాని వేగం దాదాపు సున్నాకు వస్తుంది, తల కూడా ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ మలుపు మీద ముందే ఫోకస్ పెట్టుకుని కాచుకుంటే 1/250కే పదునైన ఫొటో దొరుకుతుంది. దాని వెంటే కెమెరా తిప్పుతూ ఉంటే 1/500 పెట్టినా అదృష్టం మీద ఆధారపడాల్సిందే. చేతుల మీద ఊగే గిబ్బన్‌ది ఉయ్యాల లెక్క. కిందికి వచ్చినప్పుడు వేగం ఎక్కువ, ఊపు పైకి చేరిన చోట ఒక్క క్షణం నిలిచిపోతుంది. మేసే జంతువు నమిలేటప్పుడు దవడ, ముక్కు ఆడుతూనే ఉంటాయి. అలికిడి విని తలెత్తినప్పుడు మాత్రం చెవులతో సహా బిగుసుకుని చూస్తుంది. నొక్కాల్సింది అప్పుడే.

ఆగినట్టు కనిపిస్తూ ఆగనివి కూడా ఉంటాయి. ఎండకు రొప్పుతున్న పులి కదలకుండా పడుకునే ఉంటుంది, కానీ నోరు తెరిచి రొప్పుతుంటే తల మొత్తం సన్నగా అదురుతూ ఉంటుంది. నిద్రపోతోంది కదా అని 1/60 పెడితే దెబ్బతింటాం. ఒంటికాలి మీద నిలబడ్డ ఫ్లెమింగో నెమ్మదిగా ఊగుతుంది. ఏనుగు నిలబడ్డ చోటి నుంచి కదలకపోయినా చెవులు ఆడిస్తూనే ఉంటుంది. చెవులు కొంచెం అలుక్కుపోయి కన్ను పదునుగా ఉంటే అది తప్పు కాదు, పైగా ఫొటోకు ప్రాణం వస్తుంది. అన్ని మసకలనూ నిర్మూలించాలని చూడటం కూడా సరికాదు.

ఆ క్షణం వచ్చినప్పుడు ఒక్కటి నొక్కి ఊరుకోకుండా నాలుగైదు ఫొటోల చిన్న బర్స్ట్ తీయడం మంచిది. మొదటి దానిలో వేలు నొక్కిన కుదుపు ఉండొచ్చు, మధ్యలోవి తరచూ శుభ్రంగా వస్తాయి. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని, రెయిలింగ్ మీదో స్తంభానికో ఆనుకుని, ఊపిరి సగం వదిలి నొక్కితే బరువైన లెన్స్ కూడా కుదురుగా ఉంటుంది. ట్రైపాడ్‌ను చాలా జూలు అనుమతి లేకుండా లోపలికి రానివ్వవు. జనం మధ్య అది అడ్డం కూడా.

కన్ను ఒకచోట, ఫోకస్ ఇంకోచోట

దూరపు లెన్స్‌లో ఫోకస్ ఎంత ఇరుకో తెలిస్తే సగం ఫొటోలు ఎందుకు తప్పుతున్నాయో అర్థమవుతుంది. చిన్న సెన్సర్ కెమెరా మీద 300 మి.మీ. లెన్స్, అపర్చర్ ఎఫ్ 5.6 (ఈ అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది), జంతువు 10 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, పదునుగా కనిపించే లోతు ముందూ వెనకా కలిపి దాదాపు 25 సెం.మీ. మాత్రమే. పెద్ద పులి ముక్కు కొసన ఫోకస్ పడితే చెవులు అప్పుడే మెత్తబడతాయి. జంతువు 5 మీటర్ల దగ్గరికి వస్తే ఆ లోతు 6 సెం.మీ.కి కుంచించుకుపోతుంది. ముక్కుకూ కంటికీ మధ్య దూరమే అంతకన్నా ఎక్కువ. అందుకే ఫోకస్ కంటి మీదే పడాలి. రెండు కళ్లలో దగ్గరి కన్నుకు ప్రాధాన్యం.

మొత్తం ఫ్రేమును కెమెరాకు అప్పగిస్తే అది తరచూ అన్నిటికన్నా దగ్గరున్నదాన్ని ఎంచుకుంటుంది. జూలో దగ్గరున్నది కంచె, గడ్డి, కొమ్మ. ఒక్క చిన్న ఫోకస్ పాయింట్ ఎంచుకుని దాన్ని కంటి మీద ఉంచడమే ఇక్కడ దారి. కదిలే జంతువుకు ఫోకస్‌ను వెంటాడుతూ సవరించుకునే కంటిన్యూయస్ మోడ్ పెట్టుకోవాలి. సింగిల్ మోడ్‌లో ఫోకస్ కుదిరాక జంతువు అరడుగు ముందుకు వస్తే కథ ముగిసినట్టే. జంతువుల కళ్లను గుర్తించే ఆటోఫోకస్ 2019లో సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లోకి వచ్చింది, తర్వాత కేనన్, నికాన్ కెమెరాల్లోకీ వచ్చింది. పెద్దపిల్లుల మీద అది చాలా బాగా పనిచేస్తుంది. కుక్కా పిల్లీ పక్షీ పోలికలు లేని మొహాల దగ్గర తడబడొచ్చు, జంతువు ముందు తీగలుంటే మరీను. అప్పుడు పాత పద్ధతిలో ఒక్క పాయింట్‌కు తిరిగి రావాలి. నల్లచిరుత, ఎలుగుబంటిలాంటి ఒకే రంగు ఒంటి మీద ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటే, నలుపూ తెలుపూ కలిసే అంచు మీదికి, కంటి మెరుపు మీదికి పాయింట్‌ను జరిపితే పట్టుకుంటుంది.

కంచె తీగ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కెమెరాకూ ఫోన్‌కూ ఇక్కడ ఉపాయమే వేరు. 300 మి.మీ. లెన్స్‌ను ఎఫ్ 5.6 దగ్గర వాడితే వెలుతురు లోపలికి వచ్చే ద్వారం సుమారు 54 మి.మీ. వెడల్పు ఉంటుంది. లెన్స్‌కు దగ్గరగా 3 మి.మీ. మందం తీగ అడ్డొస్తే అది ఆ ద్వారంలో పదో వంతు కూడా మూయదు. తీగ చుట్టూ వచ్చే వెలుతురుతోనే పులి నిండుగా కనిపిస్తుంది, తీగ కరిగిపోతుంది. దీనికి మూడు షరతులు. లెన్స్ కంచెకు వీలైనంత దగ్గరగా ఉండాలి, జంతువు కంచెకు వీలైనంత దూరంగా ఉండాలి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఉండాలి. తీగ మీద నేరుగా ఎండ పడుతుంటే మాత్రం అది కరిగినా తెల్లని పొరలా మిగులుతుంది. నీడపడ్డ భాగం వెతుక్కోవాలి, లేదంటే వేరే వేళకు రావాలి.

ఫోన్ మెయిన్ కెమెరాలో ఆ ద్వారం 4 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. 3 మి.మీ. తీగ దాన్ని దాదాపు మూసేస్తుంది. కాబట్టి ఫోన్‌తో తీగను కరిగించాలనుకోవడం వృథా ప్రయాస. లెన్స్‌ను తీగల మధ్య ఖాళీకి సూటిగా పెట్టడమే మార్గం. ఇక్కడ అంత చిన్న లెన్స్ వరమే, వేలెడంత సందు ఉన్నా చాలు. అయితే కంచెకు ముందు రెయిలింగ్ ఉంటే దాన్ని దాటి వంగడం, చెయ్యి చాపడం ఎంతమాత్రం కూడదు. పులికి మీటరు దూరం ఒక లెక్క కాదు.

గాజు అవతల

గాజు వెనకున్న జంతువును పక్కవాటుగా తీస్తే ఎంత మంచి లెన్స్ అయినా మెత్తగానే వస్తుంది. జూల్లో వాడే గాజు మందంగా, పొరలు పొరలుగా అతికించి ఉంటుంది. కిరణాలు ఏటవాలుగా అందులోంచి వచ్చేటప్పుడు వంగి, ఒకేచోట కలవవు. గాజుకు నిటారుగా, లెన్స్‌ను దాదాపు ఆనించి తీస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. వెనకనుంచి పడే ప్రతిబింబాలకూ చోటుండదు. లెన్స్ చుట్టూ మెత్తటి రబ్బరు హుడ్ ఉంటే గాజుకు గీతలు పడవు. ముదురు రంగు గుడ్డతో కప్పినా సరిపోతుంది. తొడుక్కున్న చొక్కా తెల్లదైతే అది కూడా గాజులో కనిపిస్తుంది.

ప్రతిబింబాలకు లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ వాడమని తరచూ చెబుతుంటారు. గాజుకు నిటారు గీత నుంచి సుమారు 56 డిగ్రీల వాలులో చూసినప్పుడే అది బాగా పనిచేస్తుంది. ఎదురుగా నిలబడితే దాదాపు ఏమీ చేయదు. పైగా ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. అంటే 1/500 కాస్తా 1/250కో 1/125కో దిగజారి, కదలిక మసక తిరిగొస్తుంది. పాములూ బల్లుల చీకటి గదుల్లో దాన్ని తీసి సంచిలో పెట్టుకోవడమే మేలు.

ఉక్కగా, తడిగా ఉండే గదుల్లోకి చల్లటి కెమెరాతో వెళితే లెన్స్ మీద ఆవిరి పేరుకుంటుంది. తుడిచినా మళ్లీ వస్తుంది. కెమెరాను మూసిన సంచిలోనే ఉంచి, పదిహేను ఇరవై నిమిషాలు ఆ వేడికి అలవాటు పడనివ్వాలి. ఇక టెలీ (దూరపు) లెన్సులకు దగ్గరి హద్దు ఒకటి ఉంటుంది, చాలావాటికి మీటరు, మీటరున్నర. గాజుకు అతుక్కుని ఉన్న కప్పను అంతకన్నా దగ్గరనుంచి తీయాలని చూస్తే ఫోకస్ ఎప్పటికీ కుదరదు. ఆ మేర వెనక్కి జరిగితే చాలు.

గాజు దగ్గరైనా చీకటి గదిలోనైనా ఫ్లాష్ వద్దు. గాజుకు తగిలి తిరిగొచ్చే వెలుగు ఫొటోను పాడుచేస్తుంది, రాత్రిపూట తిరిగే జంతువుల కళ్లకు అది నరకం. ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న లైటును కూడా ఆపేయాలి. అది ఉందని చాలామందికి గుర్తే ఉండదు.

ఫోన్‌తో తీసేవాళ్లు అన్నిటికన్నా ముందు లెన్స్ తుడుచుకోవాలి. జేబులోంచి తీసిన ఫోన్ మీద వేలిముద్ర జిడ్డు ఎప్పుడూ ఉంటుంది. నైట్ మోడ్‌ను జంతువుల దగ్గర ఆపేయాలి. అది వరుసగా తీసిన ఎన్నో ఫ్రేములను కలిపి ఒక ఫొటో చేస్తుంది, మధ్యలో జంతువు తల తిప్పితే రెండు తలల నీడలు పడతాయి. వెలుతురు తగ్గినప్పుడు కొన్ని ఫోన్లు మూడురెట్ల, ఐదురెట్ల జూమ్‌కు టెలీ కెమెరా వాడకుండా, మెయిన్ కెమెరా ఫొటోనే కత్తిరించి పెద్దది చేసి ఇస్తాయి. మొహం నీటిరంగుల బొమ్మలా నున్నగా వస్తే అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు జూమ్ తగ్గించి, జంతువు దగ్గరికి వచ్చేదాకా ఆగడం తప్ప వేరే దారి లేదు. ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడ్‌ను చేత్తో 1/500 పెట్టుకోవచ్చు. లేకపోతే కంటి మీద వేలు పెట్టి నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, బర్స్ట్ తీయాలి.

ఇన్ని చేసినా దొరకని మసక ఒకటి మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం ఇసుక, సిమెంటు నేల మీదుగా దూరపు జంతువును పెద్ద లెన్స్‌తో తీస్తే, వేడికి గాలి వణుకుతూ ప్రతి గీతనూ అలల్లా వంచేస్తుంది. షట్టర్ స్పీడ్ పెంచినా, ట్రైపాడ్ పెట్టినా, ఫోకస్ పదిసార్లు సరిచూసుకున్నా అది పోదు. వ్యూఫైండర్‌లో అంచులు అలా పాకుతూ కనిపిస్తే ఆ ఎన్‌క్లోజర్‌ను వదిలేసి చెట్ల నీడలో దగ్గరగా ఉన్న జంతువు దగ్గరికి వెళ్లడం, దీన్ని మరుసటి రోజు పొద్దున్నే గేటు తెరిచే వేళకు వాయిదా వేసుకోవడం మంచిది. నేల చల్లగా ఉండే ఆ గంటలో పులి లేచి తిరుగుతూ ఉంటుంది కూడా.